ఫ్రెంచి పెంటయ్య

షామ్‌బర్గ్
మార్చి 9, 2025

ఒరే ఉదయ్,

ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము. అక్కడ మీరెలా ఉన్నారో అడిగే తీరిక కూడా నాకు లేదు.

ఫోన్ చేయకుండా ఈ ఈమెయిలు ఎందుకంటే, నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగానే నీ కుక్క మొదలుపెడుతుంది. దాన్ని మొరగడం అనకూడదు. తల పైకెత్తి, గొంతు సాగదీసి, ఇంట్లో ఎవరో పోయినట్టు ఊళ పెడుతుంది. నేను తనని వదిలి ఇంకొకరితో మాట్లాడితే దానికి పడదు. కాబట్టి ఇకమీదట మన మాటలన్నీ రాతలోనే.

"చిన్న కుక్క అక్కా, ఆరు నెలలు ఉంచుకో చాలు" అని చెప్పి, దాని సామాను మా గరాజ్‌లో దించి, పెళ్ళాన్నీ కూతుర్నీ కార్లో ఎక్కించుకుని ఫ్రీమాంట్ వెళ్ళిపోయావు. చిన్నవి దాని కాళ్ళు మాత్రమే. మిగతా కుక్కంతా పెద్దదే. దాని జాతి పేరు నీ కూతురు అవని ఒక కాగితం మీద రాసి మా ఫ్రిజ్‌కి అంటించి పోయింది. పెటీ బాసే గ్రిఫాన్ వాండేయన్. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు కూడా ఇంత పొడుగు పేర్లు రావు. పిలిచే పేరు చూస్తే బగెట్. కుక్కకి ఫ్రెంచి రొట్టె పేరు పెట్టేవాళ్ళని మిమ్మల్నే చూశాను.

దాని గడ్డం సంగతి నాకెందుకు ముందు చెప్పలేదు? ముసలి సన్యాసిలా ఆ గడ్డం ఏమిట్రా కుక్కకి? నీళ్ళ గిన్నెలో మొహం ముంచుతుంది. తాగేది గుక్కెడు, గడ్డంలో మోసుకొచ్చేది చెంబెడు. అది వంటింట్లోంచి హాల్లోకి నడిస్తే వెనకాల ఒక చార. ఆ చారలో చొంగ, చొంగలో నానిన మేత. నేను తుడిచిన నేల ఆరక ముందే మళ్ళీ అదే చార.

మా సబ్‌డివిజన్ ఇళ్ళ మధ్య చెరువు దగ్గర కెనడా బాతులు తెలుసు కదా. మనుషుల కంటే అవే ఎక్కువ. గడ్డి మీద కాలు పెట్టే చోటు లేకుండా పచ్చగా వేసి పోతాయి. నీ కుక్క దాన్ని తింటుంది. తిని ఊరుకోదు. ఇంటికొచ్చి, ఆ గడ్డం నా మోకాలికి పెట్టి తుడుచుకుంటుంది. నైటీని డెట్టాల్‌లో రెండుసార్లు ఉతికినా ఆ వాసన ముక్కులోంచి పోలేదు.

మీ బావకి ఏ బాధా లేదు. కుక్క ఊళ పెట్టగానే చెవి మిషన్ తీసి జేబులో వేసుకుంటారు. దానికీ సంతోషం, ఆయనకీ సంతోషం. రోత మాత్రం నాకు.

నిన్న మేమిద్దరం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి వచ్చేసరికి మా లాన్‌లో ముగ్గురు నిలబడి ఉన్నారు. లోపల ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నారట. తలుపు తీస్తే నీ కుక్క నా చెప్పు మీద గడ్డం ఆన్చుకుని, ఏమీ ఎరగనట్టు చూస్తోంది. చెప్పంతా జిగురు.

మళ్ళీ నేల తుడవాలి. ఉంటాను.

అక్క

*

ఫ్రీమాంట్
మార్చి 13, 2025

అక్కా,

నీ మెయిల్ రైల్లో చదివాను. ఇక్కడ ఆఫీస్‌కి వెళ్ళేటప్పుడు తప్ప నాకు ఖాళీ దొరకడం లేదు. సారీ అక్కా. నిజంగా సారీ.

మేము అద్దెకి తీసుకున్న టౌన్‌హోమ్‌కి అటూ ఇటూ గోడ అవతల మనుషులే. వాడు ఒకసారి నోరు తెరిస్తే మమ్మల్ని ఖాళీ చేయిస్తారు. విడిగా ఇల్లు దొరకగానే వాడి సంగతి చూస్తానని అవనికి మాటిచ్చాను. అది రోజూ వాడి ఫొటోలు చూసి ఏడుస్తోంది.

వాడిది తప్పు కాదు. ఫ్రాన్స్‌లో వాళ్ళ జాతిని ముళ్ళపొదల్లో కుందేళ్ళని తరమడానికి గుంపులుగా పెంచేవారు. ఒక్కడే ఉండటం వాడికి చేతకాదు. తిన్న ప్రతిసారీ గడ్డం తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టు. వారానికి రెండుసార్లు దువ్వు. చెవులు వారం వారం తప్పకుండా శుభ్రం చేయాలి, లేకపోతే లోపల చీము పడుతుంది. పట్టీ లేకుండా బయటికి మాత్రం వదలకు. ముక్కుకి ఏదైనా వాసన తగిలితే వాడికి ఇంక మనం వినబడం.

నీకు మరీ కష్టంగా ఉంటే చెప్పు, వేరే ఏర్పాటు చూస్తాను. మొహమాటపడకు.

బావకి నమస్కారాలు.

ఉదయ్

*

షామ్‌బర్గ్
ఏప్రిల్ 21, 2025

ఒరే ఉదయ్,

చెవులు శుభ్రం చేయమన్నావు. చేశాను. చెవి ఎత్తి లోపల చూశాను. ఎందుకు చూశానా అని ఇప్పటికీ అనిపిస్తోంది. నానబెట్టి పిసికిన చింతపండు గుజ్జు ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ వేళ చారు పెట్టలేకపోయాను. మీ బావ అడిగితే పెరుగేసుకు తినమన్నాను.

గుడ్డలకని నా పాత వెంకటగిరి చీరలు రెండు చింపాను. పేపర్ టవల్స్ అయితే వాడి చెవికి గరుకు, విదిలించుకుంటున్నాడు. వాడి చెవులు తిండిగిన్నెలో పడి మేతలో నానుతున్నాయని అవని పాత క్లిప్పు ఒకటి దొరికితే రెండింటినీ నెత్తి మీదికి చేర్చి పెట్టాను. తింటున్నంత సేపూ పేరంటానికి వచ్చిన ముత్తయిదువలా ఉంటాడు. దిక్కుమాలిన మొహం.

డబ్బాలో మేత ముట్టడం మానేశాడు. వాడి కోసం ఉప్పూ కారం లేకుండా కోడి ఉడకబెడుతున్నాను. ఆ నీచు వాసన ఇల్లంతా. ఉడికేంతసేపూ నా కాళ్ళకి చుట్టుకుని తిరుగుతాడు, నా పాదాల మీద చొంగ బొట్లు బొట్లుగా పడుతుంది. ఛీ.

మొన్న చెరువు గట్టున ఏదో పెద్ద చేప చచ్చి పడి ఉంది. ఎన్నాళ్ళదో, కళ్ళు లేవు. మీ బావ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నారట. వీడు దాని మీద వెల్లకిలా పడి, కాళ్ళు పైకెత్తి, పెళ్ళికొడుకు నలుగు పెట్టించుకున్నట్టు నడుం అటూ ఇటూ రాసుకున్నాడట. ఇద్దరూ తాపీగా ఇంటికొచ్చారు. నేను గరాజ్‌లోనే ఆపి పైపు పెట్టాను. మూడు షాంపూలు. బొచ్చులోంచి పొలుసులు నా గోళ్ళలోకి దూరాయి. అన్నం చేత్తో తినలేక చెంచాతో తిన్నాను.

పడుకోవడానికి మెట్ల కింద పక్క వేశాను. మా మంచం కిందకి వచ్చి చేరాడు. గురక, గురకతో పాటు గాలి. మీ బావకి చెవులతో పాటు ముక్కు కూడా పనిచేయదని పెళ్ళైన ముప్ఫై నాలుగేళ్ళకి తెలిసింది.

పక్కింటావిడ మా ఇళ్ళ అసోసియేషన్‌కి కంప్లైంట్ ఇచ్చింది, కుక్క గోల అని. నేను వెళ్ళి అడిగాను. "మీ అబ్బాయి గరాజ్‌లో డ్రమ్స్ వాయిస్తాడు కదా, మావాడికి కనీసం శ్రుతి ఉంది" అన్నాను.

నడుం నొప్పి. ఉంటాను.

అక్క

*

ఫ్రీమాంట్
ఏప్రిల్ 27, 2025

అక్కా,

నీ మెయిల్ రష్మికి చదివి వినిపించాను. ముందు నవ్వింది, తర్వాత నవ్వలేదు. "వదినకి అంత అసహ్యంగా ఉంటే మనం ఆవిడ నెత్తిన రుద్దడం ఏంటి ఉదయ్?" అంది. నిజమే. నీ శుభ్రం నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు నేను వీధిలోంచి వస్తే గుమ్మంలోనే కాళ్ళు కడిగించేదానివి. అన్నీ తెలిసీ నీ దగ్గర వదిలాను.

ఇక్కడ ఇల్లు ఇప్పట్లో దొరికేలా లేదు. రేట్లు చూస్తే భయం వేస్తోంది.

ఒక సంగతి. ఈ జాతి కుక్కల వాళ్ళ గ్రూప్ ఒకటి ఉంది. అందులో కార్ల్ అనే ఆయన పరిచయమయ్యాడు. విస్కాన్సిన్‌లో పొలం. ఈ జాతివే ఏడింటిని పెంచుతున్నాడు, చలికాలంలో కుందేళ్ళ వేటకి తీసుకెళ్తాడు. ఇంకొకదాన్ని తీసుకోవడానికి సిద్ధమే అన్నాడు. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. నువ్వేమంటావు?

ఉదయ్

*

షామ్‌బర్గ్
జూన్ 16, 2025

ఒరే ఉదయ్,

ఆ విస్కాన్సిన్ పెద్దమనిషి సంగతి రాశావు. కుందేళ్ళని చంపించేవాళ్ళతో నీకు స్నేహాలేమిటి? నీ ఉద్యోగం నువ్వు చూసుకో.

శనివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పదిమందిని పిలిచాను. ప్రసాదం ఎప్పటిలాగే రవ్వ, నెయ్యి, అరటిపండు, జీడిపప్పు, కిస్మిస్. వీణ్ణి లాండ్రీ గదిలో పెట్టి గడియ వేశాను. కథ జరుగుతున్నంతసేపూ లోపల్నుంచి ఊళ. పంతులుగారు ఐదో అధ్యాయం పరుగులు పెట్టించేశారు.

ఆ కథ నీకు తెలుసు కదా. ప్రసాదం కాదన్నవాళ్ళకి ఏమేం జరిగాయో కథంతా అదే. ఇంట్లో ఉన్న ఏ ప్రాణికీ ప్రసాదం లేదనకూడదు. అందరికీ పెట్టాక లాండ్రీ గది తలుపు తీసి వాడికీ ఒక గిన్నెలో పెట్టాను. కిస్మిస్ తీపి కదా అని నా చేత్తో నేనే మరో గుప్పెడు ఏరి వేశాను. నాకి నాకి గిన్నె బోర్లించాడు. గడ్డమంతా నెయ్యి, రవ్వ. చూడ్డానికి రోతగా ఉన్నాడు.

మా ఫ్రెండ్స్ కూతురు అంకిత చెయ్యి కడుక్కోవడానికి అటు వచ్చింది. గిన్నె చూసి అరిచింది. "ఆంటీ, రైసిన్స్ పెట్టారా? డాగ్స్‌కి అది పాయిజన్ ఆంటీ! కిడ్నీస్ పోతాయి. ఎమర్జెన్సీకి తీస్కెళ్ళాలి, ఇప్పుడే!"

ఇంటినిండా చుట్టాల్ని, వెలుగుతున్న దీపాన్ని వదిలేసి, కట్టుకున్న పట్టుచీరతోనే వాణ్ణి ఒళ్ళో వేసుకుని కార్లో కూర్చున్నాను. అంకిత డ్రైవ్ చేసింది. హాస్పిటల్‌లో ఏదో ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు. నల్లటి బొగ్గుమందు పట్టించారు, దాన్నీ కక్కాడు. ఎవరి మీద? ఎరుపంచు గద్వాల మీద. కిస్మిస్‌లు ఉబ్బి, జిగురుతో, బొగ్గుతో కలిసి నా ఒళ్ళోకి. నర్సు నా మొహం చూసి నాక్కూడా ఒక సంచీ ఇచ్చింది.

సెలైన్ పెట్టి వాణ్ణి అక్కడే ఉంచేశారు. మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు. నేను పోలేదు. ఇలాంటి దరిద్రాన్ని ముక్కూమొహం తెలియని వాళ్ళ మీద వదిలేస్తే వాళ్ళని పీడించుకు తింటాడు కదా. అందుకని అక్కడే కుర్చీలో కూర్చున్నాను. ఇవాళ ఇంటికి తెచ్చాం. ముందు కాలికి బొచ్చు గొరిగేశారు, అక్కడ కోడిచర్మంలా ఉంది. మూత్రపిండాలకి ఇంకో రక్తపరీక్ష ఉందట. అప్పటిదాకా ఏమీ చెప్పలేమన్నారు.

ఇక నుంచి ఆ రొట్టె పేరు ఎవరూ పలకడానికి వీల్లేదు. వాడి పేరు పెంటయ్య. హాస్పిటల్ కాగితాల్లో కూడా మార్పించాను. అవనితో చెప్పు, రష్మితో చెప్పు. ఎవరడిగినా పెంటయ్య అనే చెప్పండి. పెంటమీద పారేసినా ఎవరూ ఎత్తుకోని కుక్క. వాడి గురించి చెప్పడానికి ఒక్క మంచి మాట కూడా నా దగ్గర లేదు.

అక్క

*

ఫ్రీమాంట్
జూన్ 19, 2025

అక్కా,

రెండు రోజులు ఆగి రాస్తున్నాను, కోపంలో రాయకూడదని.

హాస్పిటల్ దాకా తీసుకెళ్ళినందుకు థాంక్స్. పొరపాటు ఎవరైనా చేస్తారు, దానికి నేనేమీ అనుకోవడం లేదు. కానీ ఆ పేరు ఏమిటక్కా? అవని అర్థం అడిగింది. నాకు అబద్ధం తోచలేదు, "గార్బేజ్" అన్నాను. అది గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. "అత్తకి వాడంటే అంత డిస్గస్టా నాన్నా? ఎందుకు ఉంచారు అక్కడ?" అని అడిగింది.

ఆ పేరు నాకు కొత్త కాదు. నన్నూ అలాగే పిలిచేదానివి. మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. అమ్మ పోయాక నన్ను స్కూలుకి పంపేది నువ్వే. బిట్రగుంట రైల్వే స్కూలు గేటు దగ్గర నిలబడి, "ఒరే పెంటయ్యా, క్యారేజీ మర్చిపోయావురా" అని అందరి ముందూ కేకేశావు. పదో తరగతి దాకా నాకు ఆ పేరే మిగిలింది. ఫస్ట్ వస్తే "ఏడ్చావులే" అన్నావు. కొత్త చొక్కా వేసుకుంటే "దరిద్రంగా ఉంది" అన్నావు. నిన్ను ఏమీ అనలేను, పెంచిందానివి. కానీ నేనంటే నీకు అసహ్యమని నేను చిన్నప్పుడే సర్దుకున్నాను. అమ్మ పోయి, నీ చదువు ఆగిపోయి, నేను నీ మీద పడ్డాను. అసహ్యం ఉండటంలో తప్పు లేదు.

నాకు వేరే దారి లేదు కాబట్టి భరించాను. వాడికి దారి ఉంది. కార్ల్‌తో మాట్లాడాను. బ్లడ్ టెస్ట్ బాగా వస్తే 28వ తేదీ శనివారం పొద్దున వ్యాన్‌తో వచ్చి తీసుకెళ్తాడు. వాడి గిన్నెలు, పట్టీ, మందుల కాగితాలు ఇచ్చెయ్. నీకు ఇక నేల తుడిచే పని, ముక్కు మూసుకునే పని ఉండవు.

జవాబు రాయక్కర్లేదు.

ఉదయ్

*

షామ్‌బర్గ్
జూన్ 29, 2025

ఉదయ్,

నీ కార్ల్ నిన్న వచ్చాడు. రక్తపరీక్ష బాగానే వచ్చింది. గిన్నెలు, పట్టీ, కాగితాలు, చింపిన చీరగుడ్డలు అన్నీ ఇచ్చాను. కుక్క నీది. ఇవ్వమన్నావు, ఇచ్చాను. వ్యాన్‌లోంచి వేరే కుక్కల వాసన రాగానే వాడు నా వైపు తిరిగి కూడా చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. కార్ల్ పేరు అడిగితే చెప్పాను. "పెంటాయా" అన్నాడు. సరిగ్గా పలికేదాకా వ్యాన్ కదలనివ్వలేదు.

మీ బావ నాతో మాట్లాడటం లేదు. చెవి మిషన్ పెట్టుకోవడం లేదు. ఆయన చెరువు దగ్గరికి ఒక్కరే వెళ్ళి వస్తున్నారు.

ఇక నీ సంగతి. నిన్ను తలుచుకుంటే నాకు నిజంగా ఒళ్ళు కంపరమెత్తుతోంది. ఇంత చదువు చదివి, ఇంత వెధవ ఎలా అయ్యావురా? నేను నీకు రాసినవన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా. తీసి చదువు. గడ్డం అన్నాను, చొంగ అన్నాను, కంపు అన్నాను. వాణ్ణి తీసుకుపొమ్మని ఎక్కడైనా ఒక్క మాట అన్నానా? వెతుకు. దొరికితే నాకు చూపించు.

ఇప్పుడు చెప్పకూడనిది చెప్తాను. చెప్తే పనిచేయదని అమ్మ ఒట్టు వేయించుకుంది, అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. నీకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ పురిటి గదిలోంచే పోయారు. ఇద్దరూ తెల్లగా బొద్దుగా ఉండేవాళ్ళు, చూసినవాళ్ళంతా ఎంత ముద్దుగా ఉన్నారో అన్నవాళ్ళే. నువ్వు పుట్టగానే అమ్మ నిన్ను ఎవరికీ చూపించలేదు. పురిటి స్నానం కాగానే చేటలో పడుకోబెట్టి, క్వార్టర్స్ వెనకాల పెంటకుప్ప మీద పెట్టి వచ్చింది. నేను పన్నెండేళ్ళదాన్ని, కాకులు వస్తాయని గోడ పక్కన రాయి పట్టుకుని నిలబడ్డాను. పక్క క్వార్టర్ శేషమ్మగారు వచ్చి, "ఎవరో పారేసిన పిల్లాడమ్మా, నాకెందుకు ఈ పెంట, నువ్వు కొనుక్కుంటావా?" అని అమ్మని అడిగింది. అమ్మ చేటెడు నూకలు పోసి నిన్ను కొనుక్కుంది. పెంటయ్య అని పేరు పెట్టింది. అంత రోత పేరున్నవాణ్ణి తీసుకుపోవడానికి చావుకి కూడా మనసు రాదని.

అమ్మ పోతూ నాతో అన్నది ఇదొక్కటే. "వాణ్ణి ఎప్పుడూ మెచ్చుకోకు వసూ. నువ్వు మెచ్చుకుంటే పోతాడు." నువ్వు ఫస్ట్ వచ్చిన రోజు "ఏడ్చావులే" అని, పెరట్లోకి వెళ్ళి నేను ఎంత ఏడ్చానో నీకేం తెలుసు? గేటు దగ్గర అంత గట్టిగా కేకేసింది నీ స్నేహితుల కోసం కాదు. వినవలసినవాళ్ళకి వినబడాలని.

సెలైన్ గొట్టం పెట్టుకుని వాడు ఆ గాజుతలుపు వెనకాల పడి ఉంటే, నాకు తెలిసిన మందు ఆ పేరొక్కటే. అది వేశాను. బతికాడు. నువ్వు మనిషిని పంపి తీసుకుపోయావు.

నా చేత్తో నేనే కిస్మిస్‌లు ఏరి వేశాను ఉదయ్. అది నువ్వు ఒక్కసారి కూడా తిట్టలేదు. అందుకు నీ మీద ఇంకా కోపంగా ఉంది.

వసుమతి

*

ఫ్రీమాంట్
జూలై 1, 2025

అక్కా,

అన్నీ మళ్ళీ చదివాను. లేదు. ఒక్కచోట కూడా లేదు.

ఆఫీస్‌కి వెళ్ళలేదు. రష్మికి చెప్పాను. అవనికి చెప్పాను. అవని, "అంటే అత్త నన్ను 'కోతిమొహం' అనేది..." అని ఆగిపోయింది. దానికి వెంటనే అర్థమైంది. నాకు నలభై అయిదేళ్ళు పట్టింది. నేను నీకు బరువు అనుకునే ఇంత దూరం వచ్చాను అక్కా. మొదటి ఉద్యోగానికీ దూరంగా వెళ్ళాను, ఈ ఉద్యోగానికీ దూరంగా వచ్చాను. ప్రతిసారీ నీకు కాస్త ఊపిరి ఆడుతుందిలే అనుకున్నాను.

కార్ల్‌తో ఇప్పుడే మాట్లాడాను. సంగతి చెప్పాను. మంచివాడు. ఎప్పుడొచ్చినా వాణ్ణి ఇచ్చేస్తానన్నాడు. నువ్వూ బావా వెళ్ళి తెచ్చుకోండి. వాడు నా కుక్క కాదు, అవని కుక్క కూడా కాదు. నీవాడు. అవనే అంది ఆ మాట.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. షామ్‌బర్గ్‌లో మేము ఇల్లు కొన్నప్పుడు గృహప్రవేశంలో అందరి ముందూ "ఇదేం ఇల్లు, కోళ్ళగూడులా ఉంది" అన్నావు. రష్మి ఇప్పటికీ మర్చిపోలేదు. అది కూడా ఇందుకేనా?

అవని తీసిన ఫొటో ఒకటి పంపుతున్నాను, ముగ్గురం ఉన్నాం.

ఉదయ్

*

షామ్‌బర్గ్
జూలై 7, 2025

ఒరే ఉదయ్,

రష్మితో చెప్పు, ఆ ఇల్లు నిజంగానే కోళ్ళగూడులా ఉంది. అది దిష్టి కోసం అన్నది కాదు.

నిన్న విస్కాన్సిన్ వెళ్ళాం. మీ బావ మళ్ళీ చెవి మిషన్ పెట్టుకున్నారు. వెనక సీట్లో తువ్వాళ్ళు పరిచాను. ఉప్పులేని కోడి ఒక డబ్బాలో తీసుకెళ్ళాను.

ఆ పొలం ఎలా ఉందని అడగకు. బురద, పేడ, తడిసిన బొచ్చు వాసన. కార్ల్ బూట్లకి ఏం అంటుకుందో చూసి వాళ్ళింట్లో కాఫీ తాగలేకపోయాను. కుక్కలు గడ్డిలో ఉన్నాయి, కార్ల్ ఈల వేశాడు. ఎనిమిదీ ఒకేసారి వచ్చిపడ్డాయి. అన్నింటికీ అదే గడ్డం, అదే చొంగ. మావాణ్ణి గొరిగిన కాలు చూసి పోల్చుకున్నాను. వాడూ నన్ను పోల్చుకున్నాడు. నేను వంగగానే రెండు కాళ్ళూ నా మోకాళ్ళ మీద వేసి, దేని మీద దొర్లాడో తెలియని ఆ మొహం నా మెడలో పెట్టేశాడు. నేను వాడి చెవి ఎత్తి చూశాను. కార్ల్ శుభ్రంగానే ఉంచుతున్నాడు. కోడి పెట్టాను, తిన్నాడు. మీ బావ పట్టీ తీసుకొచ్చి నా చేతికిచ్చారు.

అప్పుడే అవతల పొదల దగ్గర ఒక కుక్క గొంతెత్తింది. ఏదో వాసన తగిలినట్టుంది. మావాడు తల తిప్పాడు. నా వైపు చూశాడు, అటు చూశాడు. నా చేతిలో పట్టీ ఉంది, వాడి మెడ నా చేతికందేంత దగ్గర్లో ఉంది. పిలిచి ఉంటే ఆగేవాడు. నేను పిలవలేదు. వాడు పరిగెత్తాడు.

ఆ పొట్టి కాళ్ళకి అంత పరుగు ఉందని నాకు తెలియదురా. మన దగ్గర ఆ చెరువు చుట్టూ మీ బావ పక్కన నడవడమే చూశాను. గడ్డిలో మునిగి తేలుతూ, చెవులు ఎగురుతూ, అందరి కంటే ముందు వెళ్ళిపోయాడు. వెళ్తూ గొంతెత్తాడు. మా ఇంట్లో పెట్టిన ఊళే. ఇక్కడ వాడు ఒక్కసారి అరిస్తే ఏడు గొంతులు పలికాయి. వెంటనే వాడు మళ్ళీ అరిచాడు, అవి మళ్ళీ పలికాయి. మా ఇంట్లో వాడు నాలుగు నెలలు అలా అరిచాడు. నేను టీవీ పెట్టేదాన్ని, మీ బావ మిషన్ తీసేసేవారు. వాడికి ఎవరూ బదులు చెప్పలేదు.

పట్టీ కార్ల్ చేతికిచ్చి వచ్చేశాం.

అవనితో నేనే మాట్లాడతాను. ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు, మా ఇంట్లో చప్పుడు లేదు. ఇల్లు అద్దంలా ఉంది. ఆ అద్దం లాంటి నేల చూస్తేనే నాకు వెగటు పుడుతోంది.

పరాయివాళ్ళవైతే ఎంతైనా మెచ్చుకోవచ్చు, దానికి ఏ భయమూ లేదు. వాడు ఇప్పుడు నావాడు కాడు. కాబట్టి రాస్తున్నాను. వాడు చాలా బాగున్నాడు ఉదయ్. అంత అందమైన కుక్కని, అంత మంచి గొంతుని నా జన్మలో చూడలేదు, వినలేదు. ఆ గడ్డం వాడికి ఎంత బాగుంటుందో. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు పొద్దున్నుంచి పట్టింది. ఏడుపు ఆగడం లేదు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఎంత దరిద్రంగా ఉన్నావురా. పొట్ట ముందుకొచ్చింది, మొహం ఉబ్బి ఇడ్లీలా ఉంది. ఆ నవ్వేమిటి, పళ్ళన్నీ బయటపెట్టి, చూస్తేనే కడుపులో తిప్పుతోంది. అవని చీపురుపుల్లలా ఉంది. రష్మి జుట్టు కత్తిరించుకుని పిచ్చుకగూడులా చేసుకుంది. మీ ముగ్గురిలో చూడదగ్గ మొహం ఒక్కటంటే ఒక్కటి లేదు.

అక్క